మన ముసలివాళ్ల గోస, మందు గొడవ అసెంబ్లీ దాకా పోవాలంటే ఏం చెయ్యాలి

మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ, అహేరి వైపు ఉండే మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రాజురా, గోండ్‌పిప్రి, బల్లార్‌పూర్ వాళ్లకు, అటు దెగ్లూర్, ధర్మాబాద్ వాళ్లకు కూడా చాలావరకు పనికొస్తుంది, తేడా ఉన్నచోట చెప్తాను. ముసలివాళ్లను చూసుకునే దిక్కు లేకపోవడం ఒకటి, ఇంట్లో తాగుడు ఒకటి. ఈ రెండూ మన దగ్గర ఒకే గడపలో ఉంటాయి. వీటి మీద మన ఆమ్‌దార్ (ఎమ్మెల్యే) విధానసభలో లేచి మాట్లాడాలంటే ఏ కాగితం ఎప్పుడు ఎవరికి ఇవ్వాలి, అందులో ఏం రాయాలి, ఏం రాయకూడదు, అదీ సంగతి.

మా వాడలో ఒక అవ్వ ఉంది. శ్రావణ్‌బాళ్ అనే ముసలివాళ్ల పింఛన్ నెలకు 1500 వస్తుంది. ఏళ్లకేళ్లు తునికాకు కట్టలు కట్టీ కట్టీ వేళ్ల గీతలు అరిగిపోయాయి, మిషన్ మీద వేలిముద్ర పడదు. మనవడు పక్కనే నిలబడి ఆమె బొటనవేలిని ఆమె కొంగుతోనే తుడిచి మళ్లీ నొక్కుతాడు, మూడోసారికో నాలుగోసారికో పడుతుంది. లెక్కపెట్టి 200 ఆమె చేతిలో పెట్టి మిగతావి జేబులో వేసుకుంటాడు, సాయంత్రానికి బ్రిడ్జి దాటుతాడు. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి దారూబందీ (మద్య నిషేధం) ఉంది, కానీ గోదావరి మీద బ్రిడ్జి దాటితే కాళేశ్వరం, ప్రాణహిత మీది బ్రిడ్జి దాటితే మంచిర్యాల జిల్లా, అక్కడ అంతా లైసెన్సు మీద అమ్మేదే. అవతల దాకా పోలేనివాడికి ఇక్కడే గుడుంబా, ఇప్పసారా దొరుకుతాయి. నేను ఆమె మాటలు రాసుకుంటుంటే ఆమె అడిగింది ఒక్కటే. "ఏం రాస్తున్నవ్ బిడ్డా, ఇది రాస్తే వాణ్ణి పోలీసోళ్లు కొడ్తరా? కొట్టేటట్టుంటే నా పేరు తీసెయ్."

ఆ మాట విన్నాక నేను అర్జీలు రాసే పద్ధతే మార్చుకున్నాను. మనం రాసే నివేదన్‌లలో ఎప్పుడూ ఉండేది "దాడులు చెయ్యండి, అరెస్టు చెయ్యండి" అనే. ముసలమ్మ అడిగేది అది కాదు. తన పైసలు తన చేతికి రావాలి, మనవడి తాగుడు మానాలి, జ్వరం వస్తే చూసే డాక్టర్ ఉండాలి. అమ్మేవాడి సంగతి ఎలాగూ పోలీసులది. సభలో అడిగించాల్సింది ముందు ఆమె అడిగింది, తర్వాతే మనం అడగాలనుకున్నది.

కాబట్టి మొదటి పని కూర్చుని వినడం. పది పన్నెండు ఇళ్లు చాలు, కానీ ప్రతి ఇంట్లో ఓపిగ్గా కూర్చోవాలి, కొడుకూ కోడలూ పొలం పోయినప్పుడు పోవాలి, లేకపోతే ముసలివాళ్లు నోరు విప్పరు. తెలుగులోనో గోండీలోనో వాళ్లు ఎట్లా చెప్తే అట్లా రాసుకోండి. పింఛన్ ఏ నెల నుంచి ఆగింది, డబ్బు ఎవరు తెస్తారు, చేతికి ఎంత వస్తుంది, పాస్‌బుక్ చివరిసారి ఎప్పుడు ప్రింట్ వేయించారు, ఇంట్లో తాగేది ఎవరు, కొట్టారా, ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లారు, ఎంత ఖర్చయింది, భూమి ఎవరి పేరున ఉంది. భూమి మాట తప్పకుండా అడగండి, ఎందుకో కింద చెప్తాను. ఇంకొకటి, తాగేది ఎప్పుడూ కొడుకో మనవడో అనుకోవద్దు. తాతలు తాగుతారు, కొందరు అవ్వలు కూడా తాగుతారు. బీపీ, షుగర్ గోలీలు వేసుకుంటూ తాగి రాత్రి వాకిట్లో పడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లు ఉన్నారు. సిగ్గుపడి ఇది దాస్తే సభలో చెప్పే బొమ్మ సగమే అవుతుంది.

పేర్లు మీ నోట్‌బుక్‌లోనే ఉండనివ్వండి. ఆమ్‌దార్‌కు ఇచ్చే కాగితంలో "సిరొంచ తాలూకాలో 72 ఏళ్ల మహిళ" అంటే సరిపోతుంది. సభలో బయటి మనిషి పేరు పెట్టి ఆరోపణ చెయ్యాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి, కోర్టులో ఉన్న కేసు గురించి మాట్లాడనివ్వరు. అందుకని అమ్మేవాడి పేరు రాసినా అది సభ దాకా పోదు, పైగా రాసిచ్చినవాళ్లకు ఊళ్లో ముప్పు. ఆ పేరు పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి, ఒక్కరే పోకుండా నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి పోండి, అర్జీ రెండో ప్రతి మీద పోచ్ (అందినట్టు సంతకం, ముద్ర) తీసుకోండి.

ఇప్పుడు చట్టం సంగతి. ఇది తెలియకుండా పోతే "చూస్తాం" అన్న మాటతో వెనక్కి రావాల్సి వస్తుంది. 2007లో కేంద్రం తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. 60 దాటినవాళ్లు పిల్లల మీద, పిల్లలు లేకపోతే తమ ఆస్తి వచ్చే బంధువుల మీద పోషణ కోసం అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు 10,000 వరకు ఇప్పించవచ్చు. తీర్పు చెప్పేది ఉపవిభాగ అధికారి దగ్గరి ట్రిబ్యునల్. అవతలివాళ్లకు నోటీసు అందినప్పటి నుంచి 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. ముసలివాళ్లు తామే పోలేకపోతే ఇంకొకరికి అధికారం ఇచ్చి పంపవచ్చు, సంస్థ ద్వారా కూడా పెట్టించవచ్చు. 23వ సెక్షన్ ప్రకారం చూసుకుంటారన్న షరతు మీద భూమో ఇల్లో రాసిచ్చి, తర్వాత వాళ్లు చూడకపోతే ఆ రాసిచ్చింది చెల్లదని ప్రకటించవచ్చు, భూమి మాట అడగమన్నది ఇందుకే. మన చిక్కు ఏంటంటే సిరొంచ వాళ్లకు ఆ ట్రిబ్యునల్ అహేరిలో. ఆ దూరం, ఆ రోడ్డు మీకు తెలిసిందే, 75 ఏళ్ల మనిషి వాయిదా వాయిదాకూ బస్సెక్కి పోయి రాగలదా?

ఇదే చట్టంలో రెండు సెక్షన్లకు తేడా చూడండి, ఇది నేను చాలా ఆలస్యంగా గమనించాను. 19వ సెక్షన్ జిల్లాకు ఒకటైనా, 150 మంది నిరుపేద వృద్ధులు ఉండేంత ఆశ్రమం గురించి చెప్తుంది, కానీ అక్కడ రాసింది ప్రభుత్వం "పెట్టవచ్చు" అని. 20వ సెక్షన్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ముసలివాళ్లకు మంచాలు, వేరే లైను గురించి, అక్కడ మాత్రం ప్రభుత్వం "చూడాలి" అనే ఉంది. వృద్ధాశ్రమం అడిగితే మంత్రి "పరిశీలనలో ఉంది" అని కూర్చుంటారు. ఆస్పత్రి గురించి అడిగితే అలా తప్పించుకోవడం కష్టం. అందుకే నేనైతే ఆస్పత్రి ప్రశ్ననే ముందు పెడతాను.

ఇక అసలు మెలిక. మనకు ఇది ఒకే బాధ, ప్రభుత్వానికి మాత్రం నాలుగు శాఖలు. పింఛన్, వృద్ధుల చట్టం సామాజిక న్యాయ శాఖ. మందు రాజ్య ఉత్పాదన్ శుల్క్ (ఎక్సైజ్ శాఖ), పోలీసు కేసులైతే గృహశాఖ. ఆస్పత్రి ఆరోగ్యశాఖ. అన్నీ కలిపి ఒకే కాగితంలో రాస్తే "ఇది మా శాఖ కాదు" అని ఒకరి మీద ఒకరు తోసేస్తారు. కొన్నేళ్ల కింద నేను నాలుగు పేజీల్లో పన్నెండు డిమాండ్లు రాసి ఒక నాయకుడి ఆఫీసులో ఇచ్చాను. సహాయకుడు తీసుకుని ఫైల్లో పెట్టాడు, అది ఆ ఫైల్లోనే ఉండిపోయింది. అందులో ఏది ఏ మంత్రిని అడగాలో తేల్చి చెప్పే వాక్యం ఒక్కటీ లేదు.

అందుకని శాఖకొక కాగితం, ఒక్కో కాగితం ఒకే పేజీ. పైన మూడు నాలుగు వాక్యాల్లో విషయం, కింద ప్రశ్న, దాని కింద రెండు ఉపప్రశ్నలు. ప్రశ్న ఎలా ఉండాలంటే, మంత్రి అంకె చెప్పక తప్పకూడదు. ఉదాహరణకు, "2007 చట్టం కింద అహేరి ఉపవిభాగ ట్రిబ్యునల్‌కు గత మూడేళ్లలో ఎన్ని అర్జీలు వచ్చాయి, అందులో సిరొంచ తాలూకావి ఎన్ని, 90 రోజుల్లో తేల్చినవి ఎన్ని?" దీనికి ఉపప్రశ్న, "నెలకొక రోజు ట్రిబ్యునల్ సిరొంచలోనే కూర్చునే ఏర్పాటు చేస్తారా, చేస్తే ఏ నెల నుంచి?" ఆరోగ్యశాఖకు, "సిరొంచ గ్రామీణ రుగ్ణాలయంలో (ప్రభుత్వ ఆస్పత్రిలో) తాగుడు మాన్పించే చికిత్సకు మంచాలు ఎన్ని, మానసిక వైద్యుడు నెలకు ఎన్ని రోజులు వస్తున్నారు, 20వ సెక్షన్ ప్రకారం ముసలివాళ్లకు వేరే లైను ఉందా?" గృహశాఖకు, "1949 దారూబందీ చట్టం కింద తాలూకాలో మూడేళ్లలో ఎన్ని కేసులు పెట్టారు, ఎన్నింటిలో శిక్ష పడింది?" కేసులు ఎన్ని అని మాత్రమే అడిగి ఊరుకోకండి, పెద్ద అంకె చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. శిక్ష ఎన్నింటిలో పడిందన్నదే అసలు ప్రశ్న.

చికిత్స గురించి ఒక మాట, ఇది కాగితానికే కాదు ఇంటికి కూడా. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, లేని మనుషులు కనపడటం, ఫిట్స్ రావడం జరుగుతుంది, ప్రాణానికే ప్రమాదం. గదిలో పెట్టి తాళం వేసి మాన్పిస్తామంటే కుదరదు, డాక్టర్ దగ్గరే మాన్పించాలి. మంచాలు కావాలని సభలో అడిగించేది ఇందుకే. ఈలోగా 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, మానసిక బాధలకు 14416 టెలి మానస్, ముసలివాళ్ల కోసం 14567 ఎల్డర్‌లైన్ ఉన్నాయి, ఈ మూడూ ఇంటి గోడ మీద రాసిపెట్టండి. గడ్చిరోలి జిల్లాలో 2016 నుంచి ముక్తిపథ్ పేరుతో దారూ, తంబాకు తగ్గించే పని జరుగుతోంది, డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ గార్ల సర్చ్ సంస్థ అందులో ఉంది, వాళ్ల కార్యకర్తలను కలిస్తే ఊళ్ల సమాచారం కూడా దొరుకుతుంది.

కాగితం వెనక ఏం జతచెయ్యాలి? ముందుగా గ్రామసభ ఠరావ్ (తీర్మానం). సిరొంచ తాలూకా షెడ్యూల్డ్ ప్రాంతం, 1996 పెసా చట్టంలో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలని ఉంది, కాబట్టి ఆ ఠరావ్ మామూలు వినతిపత్రం లాంటిది కాదు. గ్రామసభలో ఆడవాళ్లు ఎంతమంది కూర్చున్నారో, సంతకాలు వేలిముద్రలు ఎన్నో రిజిస్టర్‌లో రాయించి నకలు తీసుకోండి. తర్వాత మాహితీ అధికార్ (సమాచార హక్కు చట్టం) కింద తెచ్చిన అంకెలు. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి, దారిద్ర్య రేఖ కింద ఉన్నవాళ్లకు ఫీజు లేదు. మహారాష్ట్రలో ఒక అర్జీలో ఒకే విషయం, 150 మాటలు దాటకూడదు, ఎక్కువ రాస్తే అదే సాకు చూపి తిప్పి పంపుతారు. ఇవి కాక నాలుగైదు పాస్‌బుక్‌ల జిరాక్సులు, పేరు, నంబరు కనపడకుండా కాగితం అడ్డం పెట్టి తీసినవి. పింఛన్ పడిన రోజే మొత్తం డ్రా అయినట్టు అందులో వరసగా కనిపిస్తుంది. ఒక పేజీ ఉపన్యాసం కంటే ఆ వరస ఎక్కువ చెప్తుంది.

భాష సంగతి మర్చిపోవద్దు. సభలో నడిచేది మరాఠీ, కాగితం మరాఠీలోనే ఉండాలి. మన పిల్లలు చదివింది మరాఠీ బడుల్లోనే కదా, పదకొండో పన్నెండో చదివే అమ్మాయికి ఇవ్వండి, చక్కగా రాసిపెడుతుంది. రాశాక ఆ కాగితాన్ని ముసలివాళ్లకు తెలుగులో చదివి వినిపించండి. తమ మాట అందులో లేదంటే మార్చండి. అవ్వ ఒక మాట అన్నది, "పైసలు గుంజుకుంటడు గానీ, నాకు గంజి పోసేది గూడ వాడే." నేను రాసిన మొదటి ప్రతిలో రెండో సగం లేదు. అది లేకపోతే వాడు ఒట్టి దొంగగా కనిపిస్తాడు, ఆమె అడిగేది చికిత్స అని ఎవరికీ తట్టదు.

టైము గురించి. విధానసభ ఏడాదికి మూడు అధివేశన్‌లు (సమావేశాలు) కూర్చుంటుంది, మార్చిలో బడ్జెట్‌ది, జూన్ జూలైల్లో వానాకాలంది, ఈ రెండూ ముంబైలో, డిసెంబర్‌లో చలికాలంది నాగపూర్‌లో. 1953 నాగపూర్ ఒప్పందం వల్ల అక్కడ జరుగుతుంది, విదర్భ మాట వినడానికే ఆ అధివేశన్ పెట్టారు కాబట్టి మనకు అదే అనువైనది. తారాంకిత ప్రశ్న అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పి ఉపప్రశ్నలు ఎదుర్కోవాల్సినది, దాని నోటీసు అధివేశన్‌కు వారాల ముందే పోవాలి. డిసెంబర్ కోసమైతే దసరా దీపావళి మధ్యలో కాగితం ఆమ్‌దార్ చేతికి అందాలి, నవంబర్ చివర్లో పోతే ఆ బండి వెళ్లిపోయినట్టే. అధివేశన్ నడుస్తుండగా ఏదైనా జరిగితే, అంటే కల్తీ సారా తాగి ఎవరన్నా చనిపోతేనో ఆస్పత్రిలో ఘోరం జరిగితేనో, లక్షవేధీ సూచన ఉంది, మంత్రి దృష్టికి తెచ్చి అప్పటికప్పుడు వివరణ అడిగేది. బడ్జెట్ అప్పుడు శాఖల పద్దుల మీద చర్చ ఉంటుంది, అప్పుడు ఆస్పత్రి మంచాల మాట ఎత్తవచ్చు. మీ ఆమ్‌దార్ మంత్రి అయి ఉంటే ప్రశ్నలు అడగరు, అప్పుడు పక్క నియోజకవర్గం వాళ్లనో, విధానపరిషత్ సభ్యుణ్ణో పట్టుకోవాలి. ప్రతిపక్షం మనిషైనా ఫరవాలేదు, ముసలివాళ్ల మాటకు పార్టీ ఏంటి?

ఇచ్చేటప్పుడు సహాయకుడి చేతికి ఒక సెట్, ఆమ్‌దార్ చేతికి ఒక సెట్ ఇవ్వండి. ప్రశ్నలు నిజంగా తయారుచేసేది ఎక్కువగా ఆ సహాయకుడే, అతనితో పది నిమిషాలు కూర్చుని విషయం చెప్పడం ఫొటో దిగడం కంటే ముఖ్యం. ఆవక్ నంబర్ (కాగితం అందినట్టు రిజిస్టర్‌లో వేసే నంబర్), తేదీ వేయించుకోండి.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. "దారూబందీ పేరుకే, అంతటా దొరుకుతోంది" అని రాసి అక్కడితో ఆపొద్దు. పక్కన చంద్రపూర్‌లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. 2010 డిసెంబర్‌లో ఆడవాళ్లు చిమూర్ నుంచి నాగపూర్ అసెంబ్లీ దాకా నడిచారు, ఏళ్లు కొట్లాడితే 2015 ఏప్రిల్ 1న బందీ వచ్చింది. 2021లో ఎత్తేశారు, చెప్పిన కారణం దొంగ అమ్మకాలు, నేరాలు పెరిగాయని. అంటే మన ఫిర్యాదే బందీ ఎత్తెయ్యడానికి సాక్ష్యం కాగలదు. అందుకని "దొరుకుతోంది" అన్న వాక్యం పక్కనే "బ్రిడ్జి దగ్గర తనిఖీ ఎవరు చేస్తున్నారు, రాత్రి ఎంతమంది సిబ్బంది, తెలంగాణ అధికారులతో కలిసి ఏం చేస్తున్నారు" అన్న ప్రశ్న ఉండి తీరాలి. మన తెలుగు ఆడవాళ్లకు ఈ అనుభవం కొత్తది కాదు, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1993 అక్టోబర్‌లో సారా బంద్, 1995లో పూర్తి నిషేధం దాకా తెచ్చారు, 1997లో దాన్ని కూడా సడలించారు.

చంద్రపూర్, నాందేడ్ జిల్లాల్లో ఉన్నవాళ్లకు దారి వేరు. అక్కడ లైసెన్సు దుకాణాలు ఉన్నాయి కాబట్టి 2008 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఊళ్లో ఆడ ఓటర్లలో నాలుగో వంతు మంది సంతకాలతో దుకాణం మూయమని అర్జీ పెడితే, సంతకాలు సరిచూసి రహస్య ఓటు పెడతారు, నిలబడ్డ సీసా, పడుకున్న సీసా గుర్తులతో. జాబితాలోని ఆడ ఓటర్లలో సగం కంటే ఎక్కువమంది ఆడ్వీ బాట్లీకి, అంటే దుకాణం వద్దనే పడుకున్న సీసాకు, వెయ్యాలి. పోలైన ఓట్లలో సగం కాదు, అందుకే వలస పోయినవాళ్లు ఊళ్లో ఉండే పండగ రోజుల దగ్గర ఓటింగ్ పెట్టించుకోవడం మంచిది. మీ ఆమ్‌దార్‌తో అడిగించాల్సింది అర్జీ పెట్టాక ఓటింగ్ ఎన్ని నెలలు ఆలస్యం చేస్తున్నారన్నది.

సభలో మాట్లాడాక పని అయిపోలేదు. మంత్రి "చేస్తాం" అన్నారంటే అది ఆశ్వాసన్, దాన్ని వెంటపడి చూడటానికి విధానమండలంలో ఆశ్వాసన్ సమితి ఉంది. ప్రశ్నలు, జవాబులు విధానమండలం వెబ్‌సైట్‌లో పెడతారు, మన ప్రశ్న నంబర్, జవాబు ప్రింట్ తీసుకోండి. మూడు నెలలు ఆగి, ఆ ప్రింట్ జతచేసి, "ఫలానా తేదీన సభలో ఇచ్చిన మాట ఎంతవరకు వచ్చింది" అని మళ్లీ మాహితీ అధికార్ అర్జీ వెయ్యండి, వచ్చిన జవాబును తర్వాతి అధివేశన్‌కు ముందు మళ్లీ అదే సహాయకుడికి ఇవ్వండి. జవాబులో అంకెలు తప్పుగా ఉంటే, అంటే ఉన్న డాక్టర్ లేకపోయినా ఉన్నట్టు చెప్తే, అది కూడా రాసి పంపండి, తప్పు సమాచారం మీద మళ్లీ ప్రశ్న వెయ్యవచ్చు.

ఇదంతా నడిచేలోగా అవ్వ పని ఆగకూడదు. బ్యాంకు బ్రాంచిలో వేలిముద్ర పడటం లేదని రాసిచ్చి, ఆమె స్వయంగా కౌంటర్ దగ్గర తీసుకునేలా మాట్లాడండి, వారానికి కొంత కొంత తీసుకుంటే ఒకేసారి 1500 ఎవరి చేతిలోనూ పడదు. 70 దాటితే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ్ వందన కార్డు వస్తుంది, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం, ఆధార్ ఉంటే చేయించండి. 75 దాటితే ఎస్టీ (రాష్ట్ర రవాణా) బస్సులో టికెట్ లేదు, 65 నుంచి 75 వరకు సగం టికెట్, అహేరి వాయిదాలకు పోవాలంటే ఇది అక్కరకొస్తుంది. పాస్‌బుక్ మాత్రం నెలనెలా ప్రింట్ వేయించి ఆమె దగ్గరే ఉంచండి. మా అవ్వ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టుకుంటుంది, అందులోనే మన నివేదన్ పోచ్ కాగితం కూడా మడిచి పెట్టుకుంది.